విడి గరిటె

"ఈ గరిటె ఎవరూ ముట్టుకోకండి," అంటూ వంటామె గోడకు మేకు కొట్టి దాన్ని విడిగా తగిలించింది.

మోటార్ల కార్ఖానాలో నూట ఇరవై మందికి మధ్యాహ్నం భోజనం వండే మనిషి ఆమె. అందరికీ పిన్ని. పదహారేళ్ళలో ఆమె వంటకు వంక పెట్టినవాళ్ళు లేరు. అలాంటిది, మోటార్లకు రాగితీగ చుట్టే అమ్మాయి మూడు వారాలపాటు కాంటీను పళ్ళెం ముట్టకుండా, ఇంటినుంచి తెచ్చుకున్న అన్నం, ఉడికించిన సొరకాయ ముక్కలు తిని లేచిపోతుంటే మనసు చివుక్కుమంది. సన్నబడే పిచ్చి పట్టిందని పక్క బల్లవాళ్ళు నవ్వుకున్నారు. పిన్ని మాత్రం ఎదురుగా కూర్చుని అడిగేసింది.

అమ్మాయి సంచిలోంచి డాక్టరు రాసిచ్చిన కాగితం తీసింది. పాలు, గుడ్డు, చేప, పప్పులు, వేరుశనగ అన్నీ మూడు వారాలు మానాలి. ఆ తర్వాత నాలుగు రోజులకు ఒకటి చొప్పున తిని చూడాలి. పడితే ఉంచుకోవడం, పడకపోతే వదులుకోవడం. ఎర్రగా పేలుతున్నది దేనివల్లో అలా తప్ప తేలదట.

ఇంట్లో ఏడాదిన్నర కొడుకు, ఇక్కడ ఎనిమిది గంటల పని. సొరకాయ తిని ఎన్నాళ్ళు నిలబడుతుందని పిన్ని కోప్పడింది. "ఆ పరీక్షలేవో నా పొయ్యి మీదే పెట్టు," అంది.

అలా వచ్చింది ఆ గరిటె. దానికి తోడు ఒక చిన్న గిన్నె.

పెసరపప్పుతో మొదలుపెట్టారు. నాలుగు రోజులు గడిచినా మచ్చ లేదు. పిన్ని గోడ క్యాలెండరు మీద 'పడింది' అని రాసుకుంది. శనగలూ నెగ్గాయి. చేప వండిన రోజున పిన్ని భయపడింది గానీ, అదీ నెగ్గింది. గుడ్డు మాత్రం రెండోరోజే దెబ్బ తీసింది.

"బుగ్గలూ మెడా పేలిపోయాయి పిన్నీ. తెల్లవార్లూ నిద్ర లేదు," అంది అమ్మాయి. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. పొద్దుటికి మచ్చలు అణిగిపోయి ఉంటాయనుకుంది పిన్ని.

"మరీ లేత ఒళ్ళమ్మా నీది," అని గుడ్డు మీద అడ్డంగా గీత కొట్టింది. తర్వాత పాల మీదా కొట్టాల్సి వచ్చింది.

ఒకరోజు యజమాని అందరికీ ఆమ్లెట్లు వేయించాడు. కాంటీనంతా ఘుమఘుమ. అమ్మాయికి గుడ్డంటే ప్రాణం. ఒక్క ముక్కకు ఏమీ కాదని పక్కవాడు పళ్ళెం జరిపాడు.

"ఏమవుతుందో నాకు తెలుసు," అని ఆమె దాన్ని వెనక్కి నెట్టి తన గిన్నెలో శనగలు తినసాగింది.

పొయ్యి దగ్గరనుంచి చూస్తున్న పిన్నికి, తానే కన్నంత గర్వంగా అనిపించింది.

చివరిగా వేరుశనగ కూడా నెగ్గింది. ఆ శనివారం పిన్ని మంచి చీర కట్టుకుని, క్యాలెండరు కాగితాలు చుట్టపెట్టుకుని, అమ్మాయి వెంట ఆసుపత్రికి వెళ్ళింది. ఇంత పద్ధతిగా రాసిందెవరని డాక్టరు మెచ్చుకుంటే, తనేనని చెప్పడానికి రెండుసార్లు గొంతు సవరించుకుంది.

"ఏదీ, చూద్దాం," అంటూ డాక్టరు లేచింది. అమ్మాయి వైపు కాదు. పక్క కుర్చీలో తలకు గుడ్డ కట్టుకుని, నీరసంగా కూర్చున్న ఒకామె ఒడిలోంచి ఐదునెలల పాపను అందుకుంది. బుగ్గలు వెలుగుకు తిప్పింది, మెడ మడతలు విప్పి చూసింది.

"ఎక్కడా మచ్చ లేదు. బరువూ పెరిగింది."

పిన్ని తికమకపడింది. జబ్బు మా అమ్మాయికి కదా, ఆమెను చూడరేమని అడిగింది.

తలగుడ్డ కట్టుకున్నామె పిన్ని చెయ్యి పట్టుకుంది. "ఈమె మా కింద వాటాలో ఉంటుందమ్మా. నేను వాడేవి క్యాన్సరుకు గట్టి మందులు. డబ్బాపాలేమో పాపకు పడవు," అంది.

"కన్నది నేనే గానీ, పాప తాగేది ఈమె పాలు."