భుజం మీద టేపు

ఒంట్లో గడ్డ పుడితే వేసుకున్న జెర్సీయే కనిపెట్టి, భుజం మీద ఎర్ర దీపం వెలిగించే కాలం వచ్చాక బాపట్ల కబడ్డీ జట్టు ట్రైనర్ మార్తమ్మకు మాటల పని తగ్గింది. పూర్వం ప్రాక్టీసు అయ్యాక, నొప్పి నూనె వాసనలో అమ్మాయిల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, "ఎక్కడన్నా గడ్డ తగిలితే దాచకండే, నాతో చెప్పండి" అనేది. వాళ్లు ఒకరి వీపు వెనక ఒకరు దాక్కుని నవ్వేవాళ్లు.

ఫైనల్‌కు ముందు ఆ నవ్వులే తలుచుకుంటూ అందరి మోకాళ్లకూ టేపు చుడుతుంటే, నిహిర అనే అమ్మాయి జెర్సీ భుజం మీద కూడా టేపు కనిపించింది. అది మార్తమ్మ వేసింది కాదు. అంచు లేపితే కింద ఎర్రగా వెలుగుతోంది.

"ఎప్పట్నుంచే?"

"మొన్నట్నుంచి మేడం. కనపడితే ఆడనివ్వరు గదా. జెర్సీకి వెలగడమే తెలుసు. భయమేస్తంటే ఎవరితో చెప్పుకోను?"

మార్తమ్మ ఆమెను దగ్గరికి తీసుకుంది. "గడ్డలన్నీ కేన్సర్ కాదే పిచ్చిదానా. దాచుకుంటేనే ముప్పు. పద, డాక్టరు దగ్గరికి నేనూ వస్తా."

వెళ్లబోతూ ఆగి, "అందరూ ఒకసారి ఇట్లా వచ్చి కూర్చోండే" అని పిలిచింది. ఎన్నేళ్లకో మళ్లీ ఆమె చుట్టూ అమ్మాయిలు చేరారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక కూర్చున్న కెప్టెన్ మాత్రం జెర్సీ పైన వేసుకున్న ట్రాక్‌సూట్ కోటు మెల్లగా విప్పింది. ఆమె భుజం మీదా టేపు ఉంది.