ఇద్దరు గుమాస్తాలు

“పోయినేడు మీ అబ్బాయి శేషగిరికి జీతం ఇచ్చానని ఖర్చులో రాస్తే నేను కొట్టేశాను. ఈయేడు అసలు రాయనేలేదే?” అన్నాడు ఇన్‌కంటాక్సు ఆఫీసరు.

నరసరావుపేట వేరుశనగ వ్యాపారి కోటిలింగం తల వంచుకున్నాడు.

“సొంత కొట్లో కొడుకు కూర్చోవడం ఉద్యోగం కాదని ఇప్పటికి తెలిసిందన్నమాట. మరి ఈ కొత్త గుమాస్తాలిద్దరూ? వీళ్లూ మీవాళ్లేనా?”

“పరాయోళ్లేనయ్యా.”

“అయితే వీళ్ల జీతాలు ఖర్చు కిందికే వస్తాయి,” అంటూ ఆఫీసరు సంతకం పెట్టాడు. “ఒక్కసారే ఇద్దరెందుకు? బేరం పెరిగిందా?”

“పెరగలా. ఎండాకాలంలో అమ్మవారు పోసి మా శేషగిరి పోయాడయ్యా. తెల్లారి వినుకొండ పోయి శనక్కాయ కొనొచ్చేదీ వాడే, పొద్దుగూకిందాకా కాటా కాడ నిలబడేదీ వాడే. వాడి పనికి ఒక్కణ్ణే పెట్టి చూశా. సాగలా.”