రెజ్యూమెలో లేని ఆరేళ్లు

పరమేష్ రెజ్యూమె ఒక్క పేజీకి కుదిరిందంటే, అందులోంచి ఆరేళ్లు ఎత్తేశాడు కనుకే.

ఆ ఆరేళ్లూ అతను గ్రూప్-2 పరీక్షకు చదివాడు. ఆ ముక్క రాస్తే, నోటిఫికేషన్ పడగానే వెళ్లిపోతాడని ఏ కంపెనీ తీసుకోదు. కొలువు లేకుండా సొంతూరు కోస్గికి తిరిగి రావద్దని బాపు చెప్పే పంపాడు.

చౌటుప్పల్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూ. మేనేజర్ స్వర్ణలత కాగితం చదివి తలెత్తింది.

"డిగ్రీ అయినంక ఆరేండ్లు ఏం చేసినవ్?"

"ఎవుసం చేసిన మేడం. కంది పెట్టిన."

"కంది ఎన్ని నెలలకు కోతకొస్తది?"

కంది ఏటా బాపు చేలోనే ఉంది. తనే ఏనాడూ పుస్తకంలోంచి బయటికి రాలేదు.

"నాలుగు ఆప్షన్లు ఇస్తే చెప్త మేడం," అనేశాడు.

ఇక అయిపోయిందనుకుని ఫైలు సర్దుకుని లేచాడు.

"కూసో," అంటూ ఆమె సొరుగు లాగింది. లోపల అట్ట ఊడిన గ్రూప్-2 గైడు ఉంది.

"రేపట్నుంచి డ్యూటీకి రా. నీ నోట్సు గూడ పట్కరా," అంది గొంతు తగ్గించి. "నా రెజ్యూమెల ఎనిమిదేండ్లు లేవు."