మామగారి కాళ్ళ తీర్పు

"సెలెక్టయింది!"

కొడుకు కేకకి కోడలు తడిచేతులతో వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. లోపలి గదిలో దిండ్లకి కొత్త దూది కూరుతున్న అత్తగారు కూడా జుట్టునిండా పింజలతో వచ్చారు. కిటికీ పక్క కుర్చీలో పేపరు గళ్ళనుడికట్టు నింపుతున్న మామగారు పెన్సిలు ఆపి చూశారు.

"నత్తేనా?" అంది కోడలు.

"నత్తే! శనివారం ప్రదర్శనలో పెడతారట."

అది కొడుకు ఆఫీసు నుంచి వచ్చాక ఇంట్లో కూర్చుని తయారుచేసిన వీడియోగేమ్. వీపుమీద దీపం పెట్టుకున్న నత్త ఒకటి, ఎవరూ లేని ఇంట్లో మెట్లెక్కి అటకమీదకి చేరాలి. పెళ్ళయి మూడు నెలలు. నత్త కొమ్ములకి గులాబీరంగు వేసింది కోడలే. అందుకని ఆమెకి ఆ నత్త సగం తనదే.

"కానీ ఒక మెలిక పెట్టారు," అంటూ కొడుకు మిగతా ఉత్తరం చదివాడు. "అటకమీద వచ్చే సంగీతం పది నిమిషాలకే విసుగు పుట్టిస్తోందట. రేపు మధ్యాహ్నం పన్నెండులోపు వేరేది పంపకపోతే మన చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారట."

"నేను ఆ రోజే చెప్పాను," అన్నారు మామగారు.

"మీరేం చెప్పలేదు నాన్నా. మధ్యలో లేచి వెళ్ళిపోయారు."

"చెప్పడమంటే అదేరా."

మామగారు ముప్పై ఏళ్ళు నాటకాల హాల్లో మైకులూ స్పీకర్లూ చూసుకున్న మనిషి. అటకమీద ఆట గంటసేపు సాగుతుంది. నిమిషంన్నర పాట అంతసేపూ తిరుగుతూనే ఉండాలి. వింటున్నట్టు తెలియకూడదు, ఆగితే మాత్రం వెలితిగా ఉండాలి. అలాంటిదాన్ని పట్టుకోవాలంటే మామగారిని ఆ కుర్చీలో కూర్చోబెట్టడం ఒక్కటే దారి.

"ఈసారి కాస్త ఓపిక పట్టండి నాన్నా."

"నేను లేవనురా. నచ్చకపోతే కాళ్ళు వాటంతటవే లేస్తాయి. అది నా చేతుల్లో లేదు."

"కాళ్ళు చేతుల్లో ఎందుకుంటాయి మామయ్యగారూ?" అంది కోడలు. ఆ జోకుకి అందరికంటే ముందు తనే నవ్వింది.

ఇంటర్నెట్లో ఎవరైనా వాడుకోవచ్చని పెట్టిన పాటల్లోంచి కొడుకు రెండు ఏరాడు. మూడోది నా దగ్గరుంది, చివర్లో పెడదాం అంది కోడలు. ఎక్కడిదో చెప్పలేదు.

మొదటిది వేణువు. తొమ్మిది నిమిషాలకి మామగారు లేచారు.

"నత్త పోయిందా ఏమిట్రా, ఆ ఏడుపేమిటి?"

రెండోది డప్పులు. నాలుగు నిమిషాలు.

"నత్త వెనక పోలీసులు పడ్డట్టుంది."

కొడుకు తల పట్టుకున్నాడు. కోడలు వంటింట్లోకి వెళ్ళి అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"మూడోది నాదే అత్తయ్యా. గ్లాసుల్లో నీళ్ళు పోసి చెంచాతో కొట్టాను. కూనిరాగం కూడా నాదే. పది మధ్యాహ్నాలు పట్టింది. మామయ్యగారికి మాత్రం చెప్పకండి. మొహమాటానికి బాగుందంటే నాకొద్దు. నిజంగా ఆయన కాళ్ళు ఒప్పుకోవాలి."

"నా నోటికి తాళం," అన్నారు అత్తగారు.

ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని ఇంట్లో అందరికీ తెలుసు, కొత్తకోడలికి తప్ప.

అత్తగారు హాల్లోకి వెళ్ళి, మామగారి మీదుగా వంగి, బల్లమీది ఖాళీ కప్పు తీసుకున్నారు. కోడలు ఫోను పట్టుకుని వచ్చేసరికి మామగారు లేచి నిలబడి ఉన్నారు.

"ఉండమ్మా, కళ్ళజోడు తెచ్చుకుంటాను."

"నెత్తిమీదే ఉంది కదా!" అనేలోపే లోపలి గదిలోకి వెళ్ళిపోయారు. తిరిగొచ్చి కూర్చున్నాక ఆయన భుజంమీద దూదిపింజ కనిపిస్తే కోడలు దులిపింది. ఇవాళ ఈ ఇంట్లో అందరూ మబ్బుల్లోంచి దిగొచ్చినట్టున్నారని ముచ్చటపడింది. తర్వాత పాట పెట్టి, గడియారం చూడటం మొదలెట్టింది.

ఐదు నిమిషాలు. కొడుకు మొహం అదోలా పెట్టాడు.

"ఇదెక్కడ దొరికింది నీకు?"

"దొరికింది లెండి."

పది దాటింది. మామగారి కాళ్ళు కదల్లేదు. ఇరవై దాటింది.

"నిద్రపోయారేమో చూడు," అని గొణిగాడు కొడుకు.

కోడలు మునివేళ్ళమీద వెళ్ళి చూసొచ్చింది. "లేదండీ! అడ్డం పదిహేడు నింపుతున్నారు."

"టీ చల్లారిపోతోంది!" అని అత్తగారు రెండుసార్లు కేకేశారు. మామగారు తల తిప్పలేదు. కాలింగ్ బెల్ మోగితే "ఎవరదీ?" అని అందరికంటే ముందు అరిచే మనిషి, ఇస్త్రీబట్టలవాడు వచ్చి వెళ్ళినా పెన్సిలు ఆపలేదు.

"అంత లీనమైపోయారు," అంది కోడలు. ఆమె కళ్ళు మెరిశాయి.

సరిగ్గా గంటకి పాట ఆపి, ఫోన్లో సమయం మామగారి కళ్ళముందు పెట్టింది. ఆయన చూసి, నవ్వి, ఆమె చెయ్యి తట్టారు.

"గంట, ఏమండీ, గంట! ఆ పాట నాదే!"

"నీదా?" కొడుకు నవ్వేశాడు. "నాన్న కాళ్ళే ఒప్పుకున్నాక ఇంక నేనెవర్ని? రేపు పొద్దున తొమ్మిదింటికల్లా నత్తకి ఈ పాట కట్టి పంపించేద్దాం."

ఇద్దరూ కంప్యూటరున్న గదిలోకి పరుగెత్తారు. లోపల్నుంచి గ్లాసుల చప్పుడు మళ్ళీ మొదలైంది.

అత్తగారు టీ వేడిచేసి తెచ్చి, మామగారి ఎదురుగా నిలబడి, ఎలా ఉందన్నట్టు చెయ్యి తిప్పారు.

మామగారు చెవుల్లోంచి దూది తీసి, "రేపు వింటాను," అన్నారు.