టీవీ మీద వార్నింగు

మిర్చి కోల్డ్ స్టోరేజీ హాల్లో ఉన్న టీవీ మీద టోకెన్ల పైన ఇంగ్లీషులో ఏవో నాలుగు లైన్లు ప్రత్యక్షమయ్యాయి.

"వార్నింగ్ అంటరా! మన సరుకులో ఏదో తేడా ఉందంట," అన్నాడో రైతు.

అంతే! ఇద్దరు రైతులు ట్రాక్టర్లు వెనక్కి తిప్పుకుని పక్క స్టోరేజీకి పోయారు.

సరుకుకేం, నిక్షేపంలా ఉంది. తేడా అంతా ఆఫీసులో కంప్యూటరు చూసే సిద్దికా రాసిన స్క్రిప్టులో ఉంది. రైతులు పంపే మెసేజీల్లోంచి లాట్ నంబరూ, బస్తాల లెక్కా ఏరి టీవీ మీద టోకెన్లుగా చూపించే చిన్న ప్రోగ్రాం అది. నిన్న కొత్త కంప్యూటరు పెట్టినప్పటి నుంచీ 'ఇన్‌వాలిడ్ ఎస్కేప్ సీక్వెన్స్' అని, ఏదో గుర్తు తప్పుగా ఉందని ఒకటే గోల.

"సాయంత్రంలోగా అది పోవాల. లేకపోతే నీ సీట్లో ఇంకొకర్ని పెట్టుకుంటా," అని ఓనరు వెంకటనారాయణ గారు పొద్దున్నే తేల్చేశారు.

ఊళ్ళో ఆమె చదువుకు తగ్గ ఉద్యోగం ఇదొక్కటే. పాపం, సిద్దికా పొద్దుట్నుంచీ ఆఫీసు గదిలో కంప్యూటరు ముందే తంటాలు పడుతోంది.

గుమ్మంలో ఎవరో నిలబడ్డారు.

"లాట్ నంబరు చెప్పన్నా," అంది తలెత్తకుండానే.

"నాకు లాటు లేదమ్మా. సార్‌ని కలుద్దామని వచ్చా."

"యార్డుకెళ్ళారు. బయట కూర్చోండి."

అతను కూర్చోలేదు. స్క్రీను వైపు చూశాడు.

"నువ్వు రాసిన ఈ పైథాన్ భాష ఉంది చూడు, పాతదైతే చూసీచూడనట్టు పోయేది. కొత్త కంప్యూటర్లోది ఊరుకోదమ్మా. లాట్ నంబర్లు ఏరే నీ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో బ్యాక్‌స్లాష్‌లు, అదే వాలు గీతలు, ఉన్నాయిగా, ఆ కొటేషన్ల ముందు ఆర్ అక్షరం పెట్టు."

"అసలు వార్నింగులే కనపడకుండా ఆపేస్తే పోలా?"

"ఇయ్యాలకి పోద్ది. రేపెప్పుడో స్క్రిప్టే ఆగిపోద్ది."

సిద్దికా ఆగితేనా! ఫైల్లో ఉన్న కొటేషన్లన్నిటికీ ఒక్క దెబ్బతో ఆర్ తగిలించింది. వార్నింగులు మాయం. కానీ టోకెన్లన్నీ ఒకే లైన్లో అతుక్కుపోయాయి.

హాల్లో కేకలు.

"ఇదేందమ్మాయ్, నా బస్తాలు తీసుకెళ్ళి ఆయన బస్తాల్లో కలిపేశావ్!"

అతను పకపకా నవ్వాడు.

"కంగారుపడకు. నంబర్లు ఏరే చోట ఆర్ ఉండాల. కొత్త లైను మొదలయ్యే చోట ఉండకూడదు. ఎందుకో నువ్వే చెప్పు."

సిద్దికా అతుక్కుపోయిన టోకెన్లనీ, స్క్రిప్టునీ మార్చి మార్చి చూసింది.

"అక్కడ బ్యాక్‌స్లాష్ పని చెయ్యాల. ఆర్ పెడితే ఉత్త గీతలాగా కూర్చుంటది!"

"అద్దీ! ఇదంతా నువ్వే రాశావా?"

"అవునన్నా. ఎవరూ నేర్పలేదు."

అతను తలూపాడు. కీబోర్డు మీద వేలు కూడా పెట్టలేదు.

సిద్దికా ఆ ఒక్క చోట ఆర్ తీసేసింది. టీవీ శుభ్రపడింది. రైతులు టోకెన్లు చూసుకుని నిమ్మళించారు. ప్రాణం లేచొచ్చిన సిద్దికా వెనక్కి తిరిగేసరికి మనిషి లేడు. అయ్యో, పేరైనా అడగలేదు, గుక్కెడు టీ కూడా ఇవ్వలేదు!

సాయంత్రం వెంకటనారాయణ గారు టీవీ చూసి హాయిగా నవ్వారు.

"శభాష్! ఇక నీ సీటుకి ఢోకా లేదమ్మాయ్."

"నాదేముంది సార్, మీకోసం వచ్చినాయన దగ్గరుండి చేయించాడు. ఎవరాయన?"

"యలమంద. వినుకొండ నుంచి వచ్చాడు. ఆరు నెలల్నించి ఉద్యోగం లేక తిరుగుతున్నాడంటే, నీ సీట్లో పెడదామని నేనే పిలిపించా. 'ఆ సీట్లో ఉండాల్సిన మనిషే ఉందండీ' అని ఫోన్ చేసి బస్సెక్కేశాడు."