గాలెయ్య మొహం

ఇంకెంత వెలుతురు పెంచాలబ్బా? స్టూడియో ఆయన పెంచేకొద్దీ ఫోటోలో చెరువు తెల్లబడె, ఆకాశం తెల్లబడె, మనిషి మొహం మాత్రం బొగ్గు మాదిరే ఉండె.

తీసింది నేనే. కంభం చెరువులో పొద్దు గుంకేటప్పుడు, ఆకాశమంతా ఎర్రగా, ముందర పుట్టిలో తెడ్డేస్తా నా తమ్ముడు గాలెయ్య. "పొద్దు దిక్కు తిరుగురా, మొహం పడదు" అంటే, "నా మొహం ఎవరికి కావాలన్నా, పుట్టి బాగుండాది, తియ్యి" అని నవ్వినాడు. ఇది కాకుంటే వాడిది ఉండేది ఆధార్ కార్డులో ఫోటో ఒకటే. అది తనేనని వాడే ఒప్పుకోలా.

"కంప్యూటర్‌తో కొత్త మొహం పెడతా" అని స్టూడియో ఆయన పెట్టినాడు. తెల్లగా, నున్నగా, బ్యాంకు మేనేజర్ మాదిరి తయారైనాడు మావోడు. వాడి పెళ్లాం మల్లి చూసి, "ఈయనెవరు బావా? ఆ నల్ల మొహందే ఫ్రేము కట్టించుకోని రా" అనింది.

కట్టించి తెచ్చినా. దండ వేసినాము. బొట్టు పెడదామంటే ఆ నలుపులో నుదురెక్కడో నాకు తెలీలా. మల్లి కళ్లు మూసుకోనే పెట్టింది. బొట్టు పడినాక చూస్తే అదే నుదురు, కింద అవే కళ్లు, వాడు నన్నే చూసి నవ్వతా...

"బావా, టెంకాయ కొట్టాల, రా!"