పదిహేనేళ్ళవాడు

"కాసేపట్లో కోచ్ వస్తాడు. ఈ అమెరికా స్కూల్లో సీనియర్ ఫుట్‌బాల్ టీమ్‌కి ఇంత చిన్నవాణ్ణి, బంతి అందుకుని ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్‌గా తీసుకోవడం ఇదే మొదటిసారట. వద్దని ఎలా చెప్పమంటావు?" అన్నం కలుపుకుంటూ భార్య మీద విసుక్కున్నాడు సత్యమూర్తి.

"మొన్న ఆటలో మీదపడి కూల్చేస్తే ఆ టీమ్ కుర్రాణ్ణి మెడకి పట్టీ వేసి అంబులెన్స్ ఎక్కించారు. మీరూ చూశారుగా!" అంది భానుమతి.

"నేను ఫాస్ట్, అమ్మా. నన్నెవరూ క్యాచ్ చెయ్యలేరు," అన్నాడు మురళి.

"పదిహేనేళ్ళొచ్చాయి వాడికి. ఇంకా చంకనెక్కించుకుంటావా?" అన్నాడు సత్యమూర్తి.

భానుమతి తెల్లబోయింది. అతను వేళాకోళమాడటం లేదు. డెబ్భై ఆరులో కాకినాడ బళ్ళో చేర్పించడానికి మురళి వయసు రెండేళ్ళు ఎక్కువ వేయించింది సత్యమూర్తే. ప్రతిచోటా అదే చెప్పీ చెప్పీ, చివరికి తనే నమ్మేశాడు.

"పదమూడేనండీ," అంది.

"వాట్! నాకు థర్టీన్ ఇయర్సేనా?"

సత్యమూర్తి కొడుకు సన్నటి మెడ వంక చూసి, చూపు తిప్పుకోలేకపోయాడు.

"పాస్‌పోర్టులోనూ అదే ఉంది, భానూ. బయటపడితే మనల్ని ఇక్కడ ఉండనిస్తారా?"

వాకిట్లో కారు ఆగింది. మురళి చెల్లెలు హైమ కూడా తినడం మానేసి తల్లి వైపు చూసింది.

"ఉండనివ్వకపోతే వెళ్ళిపోదాం," అంది భానుమతి నెమ్మదిగా, అందరికీ వినబడేలా. "వీడి అసలు వయసు కోచ్‌కి ఇప్పుడే చెప్పేస్తున్నాను."